గంజి పెట్టిన ఆటగాళ్లు

మా బామ్మర్ది సిరిసిల్లలో నూలుకు గంజి పెట్టేవాడు. ఆరిన పోగును గోటితో మీటి, గంజి సరిగ్గా పట్టిందో లేదో చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ అలవాటు బస్సు టికెట్టునూ వదల్లేదు.

యాభై దాటాక క్రికెట్ ఆటగాళ్ల కార్డులు సేకరించడం మొదలుపెట్టాడు. పిల్లల ఆటలేమిటని నవ్వినవాళ్లందరూ నాకు గుర్తున్నారు. అంచులు మెత్తబడుతున్నాయని, ఉన్న కార్డులన్నిటికీ గంజి పూసి ఆరబెట్టాడు.

జగిత్యాలలో కార్డులు సేకరించేవాళ్ల బృందం ఉంది. అందులో చేరాలని అతని ఆశ. నన్నూ వెంట తీసుకుపోయాడు. వాళ్ల పెద్దమనిషి బామ్మర్ది కార్డులు చూసి పకపకా నవ్వాడు.

"గివేమన్న అంగీలా కాకా, గంజి పెట్టుటానికి? అన్ని ఖరాబైనయ్. గీటితోని మా గుంపుల ఎట్ల చేరుతవ్?"

నాకు మండింది. "నువ్వు కొని దాస్తున్నవ్. మావోడు సాదుకుంటుండు. గా ఫరక్ నీకేం ఎరుక?"

బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊకో బావా. నూలు మగ్గం మీద దెబ్బలు తినాలె గనక గంజి పెడ్తం. గీళ్లకు దెబ్బలెక్కడియి? నాకే సోయి లేదు. మళ్ల మొదలువెడ్త."

బస్టాండు పక్క దుకాణంలో కొత్త ప్యాకెట్టు కొన్నాడు. మొదటి కార్డు తీసి గోరెత్తాడు. మీటకుండా ఆగి, మెల్లగా చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమంటుండురా?" అన్నాను.

"కొత్తోడు గదా బావా, ఇంక నోరిప్పుతలేడు."