ఉడికించిన కానుక

సముద్రం అవతల ఉన్న మన కూలివాళ్ల సంఘానికి నాయకుణ్ణి చదివించడానికి మీరు నెలనెలా గింజలు ఇస్తున్నారు. మంచిదే. మరి ఆ నాయకుడు ఎవడు కాకూడదో కూడా మీరే ఎందుకు తేలుస్తున్నారు?

అడగడానికి నువ్వెవడివని అంటారు. నేను మీ సంఘంలోవాణ్ణి కాను. ఏ దేవుడికీ మొక్కినవాణ్ణి కాను. మధురై వాదసభల్లో నిలబడి, దేవుడున్నాడనడానికి రుజువేమిటని పాదిర్లనూ పండితులనూ ఒకే గొంతుతో అడిగినవాణ్ణి. అయినా అడుగుతాను. ఆ గింజల డబ్బుతో పాటు లంకకు పోయిన ప్రతి ఉత్తరం నా చేత్తో రాసిందే. అక్కడి నుంచి వచ్చిన ప్రతి జాబూ మీకు చదివి వినిపించింది నేనే. లంక కొండల్లో ఒక మనిషి మీ గింజలతో చదువు పూర్తి చేసి, పాదిరి కావడానికి ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. అతన్ని ఆపుతున్నది ఆ దీవిలోవాళ్లు కారు. మీరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు ఆండిపట్టికి ఒక పూట నడక. నల్లరేగడి నేల. ఇంట్లో మాట తెలుగు, రాత అరవం. మా తాతల తాతలు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పగలిగినవాళ్లు లేరు, అడిగినవాళ్లూ లేరు. వర్షం రాని ఏడాది కొందరు పోదనూరు దగ్గర రైలు కట్ట పొయ్యడానికి పోయేవాళ్లు. మిగిలినవాళ్లను కూలీలను కుదిర్చే కంగాణీలు వచ్చి, బయానా చేతిలో పెట్టి, లంకలో కాఫీ తోటలకు తోలుకుపోయేవాళ్లు. అట్లా పోయినవాళ్లలో ఎక్కువమంది చేరివాళ్లే, అంటే ఊరి బయటి వాడవాళ్లు. మా బావులకు తోలుబానలు కుట్టేవాళ్లు. వాళ్లు కుట్టిన బానతో తోడిన నీళ్లే మా పొలానికి పారేవి, మా గొంతులోకీ దిగేవి. ఆ బాన తోలుకు మాత్రం అంటు లేదు. ఎందుకు లేదని చిన్నప్పుడు నాయనను అడిగితే, నీళ్లు పారుతూ ఉంటాయి కాబట్టి అన్నాడు. పారే నీళ్లలో నిలబడిన మనిషికి అంటు ఎందుకుంటుందని అడిగితే చెంప మీద కొట్టాడు. నా తర్కశాస్త్రం అక్కడ మొదలైంది.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పెళ్లయిన కొన్నేళ్లకు మిషను దొర చెప్పిన మాటలు విని క్రీస్తు సంఘంలో కలిశాడు. ఊళ్లో మరో నాలుగు కాపు ఇళ్లు అతని వెంట కలిశాయి. చేరి దాదాపు మొత్తం అంతకుముందే కలిసింది. గుడి ఒకటే. వాకిళ్లు రెండు, మామ వాళ్లకొకటి, చేరికొకటి. మామ మతం మారాడు గాని కులం మారలేదు, కాబట్టి అమ్మ ఎప్పటిలాగే తమ్ముడి ఇంట్లో భోంచేసేది. నేను దొర బడిలో పిల్లలకు రాత నేర్పేవాణ్ణి, సంఘానికి ఉత్తరాలు రాసేవాణ్ణి. నా నాస్తికత్వం దొరకు తెలుసు. నా దస్తూరీ బాగుంటుందని ఓర్చుకున్నాడు.

పిడికెడు కట్టుబాటు పెట్టింది చేరి ఆడవాళ్లు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే కంబు గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. కంబు అంటే సజ్జలే, మా వైపు మాట అది. ఇంట్లో ఎంత తక్కువున్నా ముందు ఆ పిడికెడు తియ్యాలి. నెల చివరి ఆదివారం కుండలు గుడికి తెచ్చి గోనెలో పొయ్యాలి. దాన్ని ఒట్టన్‌చత్రం సంతలో అమ్మి, లంకలో ఉన్న తమ వాళ్లకు వాక్యం చెప్పే మనిషిని తయారుచెయ్యడానికి పంపాలి. ఆ పద్ధతి చూసి మామ వాళ్ల ఇళ్లలోనూ కుండలు పెట్టారు. పెద్ద ఇళ్లు కాబట్టి పెద్ద కుండలు. గోనెలో పడ్డాక ఎవరి గింజ ఏదో ఎవరికీ తెలియదు. మామ భుజాన మోసి బండిలో వేసేవాడు. పచ్చి గింజకు కులం లేదు.

నాలుగైదేళ్లు అట్లా సాగింది. ఒక చిత్తడి కార్తీకంలో లంక నుంచి ఒక జాబు వచ్చింది. తోటలో రాయడం వచ్చినవాడెవడో అరవంలో రాశాడు, చెప్పినవాళ్లు మాత్రం మనవాళ్లే. ఆరాధన అయ్యాక నేను అది చదివి తెలుగులో చెప్పాను. సంగతి ఇదీ. తోటలో వాంతిభేదులు వచ్చాయి. కంగాణి పారిపోయాడు. మన చేరి మనిషొకడు, తోలు కుట్టే ఇంటివాడు, రోగులున్న కూలి లయిన్ల ఇళ్ల మధ్య తిరిగి నీళ్లు పోశాడు, పోయినవాళ్లను పూడ్చాడు, పూడ్చిన చోట నిలబడి ప్రార్థన చెప్పాడు. ఇప్పుడు సాయంత్రాలు కాఫీ ఆరబోసే కొట్టంలో అందరూ అతని చుట్టూ చేరుతున్నారు. అతనికి చదవడం రాదు. వాక్యాలు విని నోటికి పట్టుకున్నాడు. 'మాకు అక్కడి నుంచి మనిషిని పంపవద్దు. ఈ దీవిలోనే ఉపదేశుల బడి ఉంది. మీ గింజలతో ఇతన్ని చదివించండి. ఇతను బడిలో ఉన్నన్నాళ్లూ ఇతని పెళ్లాం బిడ్డలకు అన్నం మేం పెట్టుకుంటాం.'

ఆ మనిషి అక్క గుడిలోనే ఉంది. చేరి కుండలన్నిటికీ పెద్ద ఆమెనే. భర్త పోయాక కూడా తానే కూర్చుని బానలు కుట్టిన మనిషి. తమ్ముడి మాట విని ఆమె ఏడవలేదు. "మరి రాసెయ్యండి సామీ, చదివించమని," అంది, సంతలో తూకం చెప్పినంత తేలిగ్గా.

మామ గొంతు సవరించుకున్నాడు. "దానికి తొందరేముంది? మావాణ్ణి మధురై బడిలో వెయ్యాలని అనుకుంటా ఉండాము. చదువు అయినాక లంకకు వాడు పోతాడు."

"మీ కొడుక్కు పడవంటే భయం గదా సామీ," అంది ఆమె.

నలుగురూ నవ్వారు. మామ నవ్వలేదు. "తోటల్లో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. ఈమె తమ్ముడు ప్రభువు రొట్టె ఇస్తే ఎవరు తీసుకుంటారు? సంఘం చెదిరిపోదా? నేను సంఘం కోసం చెప్తా ఉండా."

నేను ఊరుకోలేకపోయాను. "అడిగింది ఆ అన్ని కులాలవాళ్లే మామా. జాబు వాళ్లదే."

మామ నన్ను అరవ వరసలో మాప్ళే, అంటే అల్లుడా, అనేవాడు. "ఏమి మాప్ళే, దేవుడే లేడంటావు, దేవుడి పనికి మనిషిని నువ్వు ఎంచుతావా?"

"లేడని నేనంటాను. ఉన్నాడని చెప్పి ఆయన ముందు రెండు వాకిళ్లు పెట్టింది నువ్వు. మన ఇద్దరిలో ఆయనకు ఎవరి మీద కోపం రావాలో నువ్వే చెప్పు."

దొర చేతులెత్తి ఆపాడు. పెద్దలంతా ఆలోచించి, వచ్చే నెల చివరి ఆదివారం తేల్చండి అన్నాడు. పెద్దలంటే ఐదుగురు. ఐదుగురూ మామ వైపు వాకిలివాళ్లే. చేరి నుంచి పెద్దలు లేరు. ఎందుకు లేరని దొరను నేను అడిగాను. నెమ్మదిగా వస్తారు అన్నాడు. మంచివాడే. కాని ఎవరికీ కోపం రాకుండా న్యాయం జరుగుతుందని నమ్మేవాడు. అంత వింత నమ్మకం నేను గుళ్లలో కూడా చూడలేదు.

ఆ ఆదివారం వచ్చింది. మామ వాళ్ల ఇళ్ల గింజలు ముందే గోనెలో పడ్డాయి. చేరి ఆడవాళ్లు ఆలస్యంగా వచ్చారు. ప్రతినెలా ఇంటికొక చిన్న కుండతో వచ్చేవాళ్లు ఈసారి నలుగురు కలిసి ఒక పెద్ద కుండ మోసుకుంటూ వచ్చారు. కుండ మూతి మీద గుడ్డ. గుడ్డలోంచి ఆవిరి. తమ వాకిలి దగ్గర ఆగలేదు. మామ వాళ్ల వాకిట్లోంచి నేరుగా లోపలికి వచ్చి, దొర బల్ల ముందు కుండ దించారు.

"ఈ నెల గింజలు తెచ్చినాం సామీ," అంది ఆమె. "కొంచెం ఉడికించినాం."

కంబు కూళు. చిక్కటి గంజి. పక్కన ఉల్లిపాయలు, చిప్పలు.

మామకు వెంటనే అర్థమైంది. అక్కడ ఉన్న ప్రతివాడికీ అర్థమైంది. పుట్టిన దగ్గర నుంచి మా అందరికీ తెలిసిన గీత అది. పచ్చి గింజ ఎవరి చేతి నుంచైనా తీసుకోవచ్చు. నీళ్లూ నిప్పూ తగిలాక తీసుకోకూడదు. అదే గింజ, అదే చెయ్యి, మధ్యలో ఒక పొయ్యి. ఆ పొయ్యిని తెచ్చి ఆమె గుడిలో పెట్టింది.

"మా తమ్ముడి చేతి రొట్టె తోటల్లో ఎవరూ తీసుకోరని పెద్దలు దిగులుపడుతున్నారు," అంది ఆమె. "తోటల సంగతి మాకేం తెలుసు. ఇక్కడ తీసుకుంటారో లేదో చూద్దామని తెచ్చినాం. ఇది తాగినవాళ్లు తీర్మానం చెయ్యండి. ఏం చెప్పినా వింటాం."

మామ కడుపు పట్టుకున్నాడు. "నాకు పొద్దుటి నుంచి అజీర్తిగా ఉండాది."

"పోయిన నెల మా గింజల మూట మోసేటప్పుడు బాగానే ఉండారే."

మరో పెద్ద తాను ఉపవాసమన్నాడు. ఇంకొకడు బయట ఎద్దులు బెదిరాయని లేచాడు. బయట ఎద్దులు మేత నములుతూ ఉన్నాయి. దొర చిప్ప అందుకుని రెండు గుక్కల్లో తాగాడు. ముక్కు ఎర్రబడింది. ఉల్లిపాయ కొరికాడు. ఆమె అతని వైపు చూడనేలేదు. దొర తాగుతాడని ఆమెకు తెలుసు. నా వైపు చూసింది.

"మీరు సామీ?"

ఇక్కడ నా గురించి గొప్పగా రాసుకోవచ్చు. రాయను. ఎన్నో సభల్లో కులం కట్టుకథ అని బల్ల గుద్ది చెప్పిన ఈ చెయ్యి కదలలేదు. నా తర్కమంతా నా దగ్గరే ఉంది, ఒక్క పుస్తకం కూడా ఎక్కడికీ పోలేదు, చెయ్యి మాత్రం ఒడిలోనే ఉండిపోయింది. నేను వాకిలి వైపు చూశాను. అమ్మకు చెప్పేవాళ్లు ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టాను. ఆ తర్వాతే చిప్ప అందుకున్నాను. సగం తాగాక గాని రుచి తెలియలేదు. మా ఇంటి కూళులాగే ఉంది. ఉప్పు కొంచెం తక్కువ.

మధ్యాహ్నానికల్లా అమ్మకు తెలిసింది. నేను ఇంటికి వెళ్లేసరికి నా కంచం ఇంటి బయట తిణ్ణె మీద ఉంది. "దేవుడు లేడన్నావు, ఓర్చుకున్నా," అంది. "దీన్ని ఎట్లా ఓర్చుకునేది?" రెండు వేసవులు నేను తిణ్ణె మీదే తిన్నాను. దేవుణ్ణి కాదన్నవాడికి లోపల చోటుంది, గంజి తాగినవాడికి లేదు. మన ఇళ్లలో నిజంగా కొలుపు అందుకుంటున్నది దేవుడో కులమో అమ్మ ఒక్క మాటలో చెప్పింది.

పెద్దల తీర్మానం ఆ రోజు జరగలేదు. చేరి ఆడవాళ్లు మాత్రం కుండలు ఆపలేదు. తమ గింజలను మామ గోనెలో కలపకుండా వేరుగా కట్టి, బడికి తెచ్చి ఇచ్చారు. ఆ మూట ఒట్టన్‌చత్రానికి నేను మోశాను. దొర ధైర్యం చేసి ఆ దీవిలో బడివాళ్లకు రాశాడు. ఆమె తమ్ముడికి అక్కడ చోటిచ్చారు. తోటవాళ్లు మాట నిలబెట్టుకుని అతని బిడ్డలకు అన్నం పెట్టారు. ముప్పై దాటిన వయసులో అతను అక్షరాలు దిద్దాడు. చదువు ముగించాడు. మొదటి జాబు తానే రాసి అక్కకు పంపాడు. అక్షరాలు ఇటుకల్లాగా ఉన్నాయి, ఒక్కటీ వంగలేదు.

మామ వాళ్లు తాము సంఘం విడిచిపోతామని దొరను బెదిరించారు. దొర మళ్లీ అందరికీ కోపం రాని దారి వెతికాడు. చదివించాం గదా, వాక్యం చెప్పనిద్దాం, పాదిరిని మాత్రం చెయ్యవద్దు అన్నాడు. కాబట్టి ఆ తోటల్లో వాక్యం చెప్పేది అతను, రోగి పక్కన కూర్చునేది అతను, పోయినవాణ్ణి పూడ్చేది అతను. బిడ్డకు బాప్తిస్మం ఇవ్వడానికి, రొట్టె విరిచి ఇవ్వడానికి మాత్రం ఏడాదికొకసారి గుర్రం మీద వచ్చే లంక దొర కోసం కాచుకోవాలి. పోయినేడు ఒక తల్లి అతని దగ్గరికి వచ్చి, చావుకు ముందు రొట్టె ఇమ్మని అడిగిందట. నాకు హక్కు లేదమ్మా అని చెప్పాడట. ఆమె దొర వచ్చేదాకా ఆగలేదు. ఆ జాబు అక్కకు చదివి వినిపించింది నేనే. అది విన్నాక ఆమె చాలాసేపు దారానికి మైనం పట్టించింది. "మావాడు అబద్ధం చెప్పి ఇచ్చేసి ఉంటే బాగుండేది," అంది చివరికి.

ఆ రొట్టెలో ఏముందో నాకు తెలియదు. పిండీ నీళ్లూ తప్ప మరేమీ లేదనే ఇప్పటికీ అంటాను. కాని దాని కోసం అడిగిన మనిషికి అది అందకుండా చేసింది సముద్రం కాదు, జబ్బు కాదు, చదువు లేకపోవడం కాదు. ఇక్కడ ఐదుగురి కడుపునొప్పి. మీ దేవుణ్ణి నేను నమ్మకపోవడం కంటే, నమ్మి మీరు ఈ పని చెయ్యడం ఆయనకు పెద్ద అవమానం. కాదనేవాళ్లు సభ పెట్టండి, వస్తాను.

ఇప్పుడు మధురైలో దొరల సభ ఈ సంగతి మళ్లీ ఎత్తుకుంది. ఈ ఏటి సంతలు ముగిశాక కూర్చుని తేలుస్తారు. వాళ్లు అడిగింది ఒక్కటే. ఇతను పాదిరి అయి తన ఊరికి వస్తే, ఊళ్లో తెలుగు కాపు ఇళ్లవాళ్లు ఇతని చేతి రొట్టె తీసుకుంటారా? తీసుకుంటామని రాసి ఇస్తే చేస్తామన్నారు. అటువంటి షరతు ఏ కాపు కొడుకు మీదా పెట్టలేదని నేను వాళ్ల ముఖం మీదే చెప్పాను. అయినా షరతు ఉంది.

తీసుకుంటామని రాసిన మనవి కాగితం ఆండిపట్టి బడి తిణ్ణె మీద ఉంది. నకలొకటి పోదనూరులో రైలు పనికి పోయిన మనవాళ్ల దగ్గర ఉంది. ఇప్పటిదాకా దాని మీద ఉన్నవన్నీ చేరివాళ్ల గీట్లు. మీ కాపుల వాకిలి నుంచి ఒక్క పేరూ లేదు. మీ ఇంట్లో ఆడవాళ్లు ఇన్నేళ్లు ఎసరు ముందు నిలబడి తీసిన పిడికెళ్లు ఆ మనిషి చదువులో ఉన్నాయి. వచ్చే సంత రోజుకు రండి. రాయడం వచ్చినవాళ్లు పేరు రాయండి, రానివాళ్లు గీటు పెట్టండి. కడుపునొప్పి ఉన్నవాళ్లు కూడా రండి, సంతకానికి అది అడ్డం కాదు.