పెద్దకోడలి గొంతు

నాకు హైదరాబాదులో మూడు ఇళ్లు, ఊరి బయట ఒక ఫాంహౌసు ఉన్నాయన్న సంగతి నేను ఒక యూట్యూబ్ వీడియో చూసి తెలుసుకున్నాను. ఎవరిదో ఈతకొలను చూపిస్తూ, "ఈ సీరియల్ నటి ఆస్తులెంతో తెలిస్తే మతి పోతుంది" అన్నాడొకడు. నిజంగానే పోయింది. ఆ సమయానికి నేను రెండు గదుల కిరాయి ఇంట్లో, ఇంటి ఓనరమ్మ నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తుందా అని బకెట్లు వరసగా పెట్టుకుని కూర్చున్నాను.

మా ఊళ్లో మాత్రం అందరూ నమ్మారు. వాళ్లను తప్పుపట్టలేను. రోజూ సాయంత్రం నేను పట్టుచీర కట్టుకుని, మెడనిండా హారాలు వేసుకుని, పెద్ద బంగళా మెట్లు దిగుతూ టీవీలో కనిపిస్తాను మరి. జమీందారుల ఇంటి పెద్దకోడలిని. ఆ మెట్లు పైన ప్లైవుడ్ గోడ దగ్గర ఆగిపోతాయని, నేను అక్కడే నిచ్చెన పక్కన నిలబడి పిలుపు కోసం చూస్తుంటానని వాళ్లకెలా తెలుస్తుంది? కట్టే చీరలు కూడా మేమే కొనుక్కోవాలని చెబితే మా చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"గంత పెద్ద కంపెనీవోళ్లు, ఒక్క చీర గూడ పెట్టరా? నువ్వే దాస్తున్నవ్ పో" అంది.

పెట్టరు. పైగా ఈ వారం కట్టిన చీర వచ్చే వారం కనబడకూడదు. నా ఆస్తి చూడాలని ఎవరికైనా ముచ్చటగా ఉంటే మూడు బీరువాల చీరలు, ఒక సూట్‌కేసు నిండా వన్‌గ్రాము నగలు చూపిస్తాను. మిగతా సంపాదనలో కొంత ఊళ్లో ఇంటికి స్లాబు వేయడానికి పోయింది. ఎక్కువ భాగం బాపు కళ్లకు పోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. బాపు గొర్లు కాసేవాడు. పాట నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాట్లు వేస్తూ అమ్మవాళ్లు పాడుతుంటే వెనక నుంచి అందుకోవడమే. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలో డిగ్రీ చదువుతూ స్టేజీల మీద పాడుతుండేదాన్ని. మహబూబ్‌నగర్‌లో ఒక సభలో పాడి దిగగానే ఒకాయన వచ్చి, తనకు యూట్యూబ్ చానల్ ఉంది, ఒక పాట పాడతావా అని అడిగాడు. పాడాను. ఆ పాట రెండేళ్లు మా దిక్కు ప్రతి పెళ్లి బారాత్‌లో మోగింది. వీడియోలో ఆడింది మాత్రం వేరే అమ్మాయి. నాకు ఒక్కసారి చేతిలో పెట్టిన పైసలు తప్ప మళ్లీ ఏమీ రాలేదు. బాపుకు ఆ ఫికరే లేదు. ఫోన్ పట్టుకుని కనబడ్డవాళ్లందరికీ చూపించేవాడు.

"ఎగిరేది ఎవరి బిడ్డనో నాకెరుక లేదు. పాడేది మాత్రం నా బిడ్డ" అనేవాడు.

తర్వాతి పాటకు ఆడింది కూడా నేనే. దాన్ని చూసి సీరియల్ వాళ్లు పిలిచారు. వెళ్లాక కథ తిరగబడింది. డైరెక్టర్ నాలుగు వాక్యాలు చెప్పించుకుని, "ముఖం చాలా బాగుందమ్మా. యాస జమీందారీ ఇంటికి కుదరదు. డబ్బింగ్ వేరేవాళ్లతో చెప్పిస్తాం" అన్నాడు. సొంత గొంతే కావాలంటే అదే ఇంట్లో పనిమనిషి వేషం ఉందని కూడా చెప్పాడు. దాని పేమెంట్ నాలుగో వంతు. నాకు ఒళ్లు మండింది. మండినా పెద్దకోడలికే తలూపాను. అప్పటికే బాపుకు షుగర్ కళ్లలోకి దిగింది. హైదరాబాద్ కంటి దవాఖానలో సూది మీద సూది వేస్తున్నారు.

అలా నా నోరు కదిలితే విజయవాడ వైపు ఆమె ఎవరో మాట్లాడేది. మొదట్లో అది నాకు తమాషాగానే ఉండేది. ఒకసారి యాదగిరిగుట్టలో దర్శనం లైన్లో ఒక అత్తాకోడళ్లు నన్ను గుర్తుపట్టి సెల్ఫీ దిగారు. ఒక డైలాగ్ చెప్పమన్నారు.

"ఏం చెప్పాల్నమ్మా, దేవుని కాడ?" అన్నాను.

అత్త మొహం చిన్నబోయింది. "గొంతు గట్ల లేదేందే? అచ్చం మన తీర్గనే మాట్లాడుతాంది" అని కోడలితో గుసగుసలాడింది. ఆమె గొంతులో ఆ నిరాశ విని నేను సెట్‌లో వారం రోజులు చెప్పుకుని నవ్వాను.

సూదులు పని చేయలేదు. రెండేళ్లలో బాపుకు వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. డాక్టరు ఇక తిప్పడం వద్దన్నాడు.

ఆ తర్వాత ఒకసారి సెలవు దొరికి ఊరికెళ్లాను. సాయంత్రం అమ్మ టీవీ పెట్టింది. బాపు మంచం మీద కూర్చుని చెవి అటు తిప్పాడు. సీరియల్ మొదలైంది. నేను తెర మీద మరిదిని ఐదు నిమిషాలు కడిగిపారేశాను. బాపు అంతా విన్నాడు.

"బిడ్డ ఇంకా టీవీల రాలేదా?" అని అడిగాడు అమ్మను.

"ఇప్పటిదాంక మాట్లాడింది బిడ్డనే గదా" అంది అమ్మ.

"ఓ, గా పరాయి పిల్ల గొంతా." నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి నవ్వాడు. "నాకెరుకే తియ్ బిడ్డా. కండ్లు ఉన్నప్పుడు గొంతు ఎవలదైతేంది అనుకున్న. నిన్ను చూస్తుంటి గదా. ఇప్పుడు జర తిప్పలైతాంది."

లేచి పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆయన కళ్ల కోసం ఒప్పుకున్న వేషం, ఆయన కళ్లు పోయాక ఆయనకు అక్కరకు రాకుండా పోయింది.

తిరిగి వెళ్లగానే డైరెక్టర్‌ను పట్టుకున్నాను. నా డబ్బింగ్ నేనే చెప్పుకుంటానన్నాను. "చెప్పు. సౌండ్ ఇంజినీరు టెస్టు పాస్ చేస్తే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. నేర్పేవాళ్లెవరని వెతికితే చివరికి ఆ విజయవాడ ఆమే దొరికింది. ఆమె పని లాక్కోవడానికి ఆమెనే సాయం అడగాలంటే మొహం చెల్లలేదు, అయినా వెళ్లాను. ఆమె నవ్వి, "నాకు ఇంకో నాలుగు సీరియల్స్ ఉన్నాయండీ, రండి" అంది. మంచి మనిషి. బాపు ఆ మాట అన్నప్పటి నుంచి ఆమె మీద పెట్టుకున్న కోపానికి సిగ్గుపడ్డాను.

ఆరు నెలలు నేర్పింది. "వచ్చిన" అంటే ఆపేది, "వచ్చాను" అనేదాకా వదిలేది కాదు. అన్నిటికన్నా కష్టం గొంతు దించడం. "మీరు గుట్ట అవతలున్న వాళ్లను పిలిచినట్టు మాట్లాడతారు. పక్కనున్న మనిషితో చెప్పినట్టు చెప్పండి" అనేది. అవతలి గుట్ట మీదున్న బాపును సద్దికి పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది, ఒక పట్టాన దిగలేదు. ఆటోల్లో, చీరల దుకాణాల్లో, ఓనరమ్మతో కూడా అలాగే మాట్లాడి సాధన చేశాను. నాకు పొగరెక్కిందని ఆమె కిరాయి పెంచింది.

టెస్టు రోజు ఇంజినీరు హెడ్‌ఫోన్స్ తీసేసి, "మీది నల్లగొండ అంటే ఎవరూ నమ్మరు" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ మాట నలుగురికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. బాపు తనంతట తాను వినాలని.

నా గొంతుతో మొదటి ఎపిసోడ్ వచ్చే రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. సాయంత్రం బాపు పక్కన మంచం మీద కూర్చున్నాను. మంచి సీనే పడింది. ఇంట్లోంచి పొమ్మన్న మామగారికి పెద్దకోడలు ఎదురు నిలబడి జవాబు చెబుతుంది. ఒక్క అక్షరం తడబడలేదు. నేను టీవీ చూడలేదు, బాపు మొహమే చూస్తున్నాను. ఆయన తల కొంచెం ఎత్తాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

అడ్వర్టయిజ్‌మెంట్లు రాగానే, "గా పిల్లను మార్చిండ్రా ఏంది?" అన్నాడు.

"ఎందుకు బాపూ?"

"పాతామె గాదు. గీమె ఇంకా మంచిగ మాట్లాడుతాంది. బాగ చదువుకున్నోళ్ల పిల్ల ఉన్నట్టుంది." మెచ్చుకుంటూనే తల ఆడించాడు. తర్వాత చేత్తో తడిమి నా మోకాలు పట్టుకున్నాడు. "మరి నీ గొంతు ఎప్పుడు పెడ్తరట బిడ్డా?"

అమ్మ చటుక్కున నా వైపు చూసింది. ఆమె గుర్తుపట్టింది, తెర మీద నా పెదాలకూ మాటకూ ఈసారి సరిగ్గా కుదరడం చూసింది కాబట్టి. ఏదో అనబోతుంటే వద్దని చెయ్యి ఊపాను. నాకు ఎవరి మీదా కోపం రాలేదు. అంత బాగా నేర్చుకున్నందుకు నా మీద నాకే వచ్చింది. ఆ క్షణంలో నేనే మాట్లాడానని చెబితే ఆయన నమ్మేవాడు, సంతోషపడ్డట్టు కూడా మాట్లాడేవాడు. కానీ తన బిడ్డ గొంతును తానే గుర్తుపట్టలేకపోయానన్న దిగులు ఆయనకు మిగిలిపోయేది. కళ్లు పోయిన మనిషిని ఆ దెబ్బ కూడా కొట్టలేకపోయాను.

"పెడ్తరు బాపూ. జర టైం పడ్తది" అన్నాను.

"తొందరేం లేదు. పెట్టిన్నాడు జర ముందుగాల ఫోన్ చెయ్యి. ఊరోళ్లందరిని పిలుస్త" అన్నాడు.