రేపల్లె సుభానీ ఇచ్చిన ఫైళ్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. తెనాలిలో నా ఆడియో షాపుకి అప్పటికే పాతికేళ్లు దాటాయి. క్యాసెట్లు పోయాయి, సీడీల అమ్మకం పోయింది. సీడీల్లోని పాటల్ని కంప్యూటర్లోకి తీసే రిప్పింగ్ పని ఒక్కటే మిగిలింది. అదీ రేపల్లెలో ఇదే పని చేసే సుభానీ పట్టుకుపోతున్నాడు. బాపట్ల వాళ్లు సైతం తెనాలిలో రైలు దిగి, నా షాపు ముందే టీ తాగి, రేపల్లె బండి ఎక్కేవాళ్లు. వాళ్ల సంచుల్లో సీడీలు నాకు కనిపిస్తూనే ఉండేవి. నిజం చెప్పాలంటే కడుపు మండిపోయేది.

ఒకరోజు భట్టిప్రోలు నుంచి అనసూయమ్మగారు కంటి డాక్టరు కోసం వచ్చి, మా షాపులోకీ వచ్చారు. బల్ల మీద ఒక పెన్‌డ్రైవు, ఒక సీడీ పెట్టారు. అందులో ఉన్నవి ఆవిడ భర్త స్టేజీ మీద పాడిన పద్యాలు. ఆయన పోయారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"సుభానీ ఎక్కించిచ్చాడు బాబూ. మా మనవరాలి ఐఫోన్లో పాటల దాంట్లోకి వెళ్లట్లేదంట. కాస్త చూస్తావా?"

ఫైళ్లు ఫ్లాక్ పద్ధతిలో ఉన్నాయి. ఎంపీత్రీ అంటే పెట్టెలో పట్టడానికి చీర అంచు కత్తిరించడం. ఫ్లాక్ అంటే మడతపెట్టడం, ఒక్క పోగు కూడా పోదు. ఐఫోన్ పాటల యాప్‌కి అదే మడత ఏలాక్ పద్ధతిలో కావాలి. ఐదు నిమిషాల పని.

నేను మాత్రం తప్పులు వెతకడం మొదలుపెట్టాను. సీడీ చదివేటప్పుడు ఎక్కడైనా తడబడితే సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే లాగ్‌ని కూడా సుభానీ జతచేశాడు. అందులో ఒక్క తప్పూ లేదు. అదీ నచ్చలేదు నాకు. శబ్దం ఎంత ఎత్తు వరకు ఉందో చూపించే స్పెక్ట్రమ్ తెరిచాను. పదహారు కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎంపీత్రీకి గుర్తు అదే! ప్రాణం లేచొచ్చింది.

"మోసపోయారండి. ఇది ఎంపీత్రీ. ఫ్లాక్ అని పైన పేరు పెట్టాడంతే. ఆ సీడీ ఇలా ఇవ్వండి, అసలైన రిప్ నేను చేసిస్తాను." షాపులో ఉన్న మిగతా ఇద్దరికీ వినపడేలా గట్టిగానే అన్నాను.

ఆవిడ సీడీ నా వైపు జరిపారు. ప్రతి ముక్కనీ రెండేసిసార్లు చదివే సెక్యూర్ మోడ్‌లో రిప్ చేసి, స్పెక్ట్రమ్ చూశాను. అక్కడే, అదే కోత.

అనుమానమొచ్చి సీడీ కవరు తిప్పాను. వెనక మా షాపు స్టిక్కరు, దాని మీద నా చేతిరాత. ఒకప్పుడు హార్డ్‌డిస్కులో చోటు చాలక క్యాసెట్లన్నీ ఎంపీత్రీగా ఎక్కించి, వాటితోనే ఆడియో సీడీలు కొట్టేవాణ్ణి. కోసింది నేనే.

"ఆ క్యాసెట్ ఉందాండి?"

"సీడీ అయ్యాక ఇంకా క్యాసెట్ దేనికండీ అన్నావంట కదా మా ఆయనతో. పారేశారు బాబూ."

"సుభానీ ఏమన్నాడండి?"

"సీడీలోనే కొంత పోయిందమ్మా అన్నాడు. ఎవరి తప్పని అడిగితే, అప్పట్లో అందరం అలాగే చేశాం, నేనూ చేశానన్నాడు. స్టిక్కరు చూశాడు బాబూ. చూసి కూడా నీ పేరెత్తలేదు."

సుభానీ ఫైళ్లనే ఏలాక్‌లోకి మార్చి ఇచ్చాను. ఇప్పుడు నా దగ్గరికి ఏ క్యాసెట్ వచ్చినా ముందు ఫ్లాక్‌లోకి ఎక్కిస్తాను. క్యాసెట్ పారేయొద్దని రెండుసార్లు చెప్పి పంపిస్తాను.

సుభానీ మీద అసూయ మాత్రం పోలేదు. ఇదివరకు అతని గిరాకీ చూసి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ పెద్దమనసు చూసి ఏడుస్తున్నాను.