చెంప చెప్పిన రకం

నేల మీద పరిచే వినైల్ ఫ్లోరింగ్ అమ్మే దుకాణాయన ఏ రకాన్నీ నిలబడి వివరించడు. పరిచిన నమూనా మీద బోర్లా పడుకుని చెంప ఆనిస్తాడు. ఎడమ చెంప మీద చెక్కగీతల అచ్చు చెరగదు. "కాళ్లకేం తెలుస్తుందండీ? చెక్కలా ఉండే ఈ పలకలు గట్టివి, రాయిలా ఉండే బిళ్లలు చల్లన, చాపలా చుట్టే ఈ షీటు మెత్తన. పడుకుని చూడండి," అంటాడు.

నిన్న మధ్యాహ్నం ఒకావిడ అలాగే షీటు మీద పడుకుని నిద్రపోయింది. పలకలే కావాలని పట్టుబట్టిన భర్త సిగ్గుపడి లేపబోయాడు.

"ఉండండి," అని ఆపాడు దుకాణాయన. "ఇంట్లో ఈవిడ ఈ వేళప్పుడు పడుకుంటారా?"

భర్త చేయి వెనక్కి తీసుకున్నాడు. "నేనైతే ఎప్పుడూ చూళ్లేదండీ."

దుకాణాయన ఫ్యాను ఆవిడవైపు తిప్పి, చప్పుడు చేయకుండా ఆవిడ చుట్టూ షీటు కోయసాగాడు. భర్త చెప్పులు విడిచి, రెండో కొస కదలకుండా పట్టుకున్నాడు.