లైటు పట్టుకునే అమ్మాయి

ఆ స్టూడియోలో ఆమెను అందరూ లైటమ్మాయి అనే పిలిచేవారు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఫొటోలు తీసేది సారు. పక్కన లైటు స్టాండు పట్టుకుని, ఆయన కనుసైగకు ఒక అడుగు ముందుకో వెనక్కో వేసేది ఆమె. రెండేళ్ళుగా అదే పని. జీతం లేదు. చేరిన రోజు సారు, "మొదట పని నేర్చుకోమ్మా. అనుభవం వస్తే డబ్బు అదే వస్తుంది" అన్నాడు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లకు ఆ మాటే మహాభాగ్యం అనిపించింది.

"నీకేమే, రోజూ జనంలో ఉంటావు" అంటుంది వదిన. కానీ కెమెరా వైపు చూసి నవ్వే మనిషి లైటు వైపు చూడడు. ఫొటో అయిపోగానే, "కాస్త తప్పుకో అమ్మాయ్" అంటారు. రెండేళ్ళలో ఎన్ని వందల కుటుంబాలనో అంత దగ్గరగా చూసింది. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆమె ముఖం గుర్తుండదు.

ఒకసారి ఒక పాప పుట్టినరోజులో సారు ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు. అంతదాకా గుక్కపెట్టి ఏడుస్తున్న ఆ పాప ఉన్నట్టుండి అమ్మ ముక్కు పట్టుకుని నవ్వింది. లైటమ్మాయి చటుక్కున కెమెరా అందుకుని నొక్కేసింది. వారం తిరిగేసరికి ఆ ఫొటో స్టూడియో అద్దాల వెనక పెద్దదై వేలాడింది, కింద సారు పేరుతో.

"అది నేను తీసింది కదండీ" అంది, నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకుని.

"కెమెరా ఎవరిదమ్మా?" అని నవ్వేశాడు సారు.

ఆ నవ్వు చూశాకే ఇంకోచోట పని అడగాలనుకుంది. కెమెరా పట్టే పని, జీతానికి.

రెండు వీధుల అవతల మరో స్టూడియో ఉంది. దాని యజమాని టీ తాగుతూ అంతా విన్నాడు. "రెండేళ్ళంటే తక్కువేం కాదు. ఏదీ, నువ్వు తీసినవి చూపించు."

చూపించడానికి ఉన్న ఒక్కటీ సారు పేరుతో ఉంది. "నా దగ్గరేం లేవండీ" అంది మెల్లగా.

అంతలో ఒక పెద్దావిడ పింఛను కార్డుకి ఫొటో కావాలంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "పోయినసారి ఫొటో చూసి మా మనవరాలు దడుచుకుంది బాబూ. ఈసారైనా మనిషిలా తియ్యండి."

"ఈ అమ్మాయి తీస్తుందిలే మామ్మగారూ. ఊఁ, కానివ్వమ్మా."

ఆమె లేచింది. స్టాండు కొంచెం దించింది. పెద్దావిడ కళ్ళ కింది నీడ పోయేదాకా లైటు పక్కకు తిప్పింది. ముడతలు మెత్తబడ్డాయి. ఇక అంతా కుదిరింది. స్టాండు పట్టుకుని నిలబడింది.

అలా నిలబడే ఉంది.

"తీసేవాళ్ళు రారా అమ్మా?" అంది పెద్దావిడ.

ఎవరో వచ్చి నొక్కుతారని తను ఎదురుచూస్తున్నట్టు అప్పుడు తెలిసింది. గబగబా కెమెరా దగ్గరికి వెళ్ళి రెండు ఫొటోలు తీసింది.

"అబ్బో, ఎవరీ చక్కదనాల చుక్క!" అని ఫొటోలో తనను చూసి తనే మురిసిపోయింది పెద్దావిడ. డబ్బు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

"పనితనం ఉంది. కానీ చూశావుగా, నీకు కెమెరా అలవాటు లేదు" అన్నాడు యజమాని. "లైటు పట్టుకుంటే రేపట్నుంచే జీతం ఇస్తా. కెమెరా కావాలంటే మాత్రం ఏడాది ఊరికే చెయ్యాలి."

"ఇందాకటి ఫొటోకి మామ్మగారు డబ్బిచ్చారు కదండీ?"

"ఇచ్చింది స్టూడియోకి."

"తీసింది నేను కదండీ. తక్కువైనా ఫరవాలేదు, కెమెరా పనికే జీతం ఇవ్వండి."

"నోట్లో నాలుక లేదనుకున్నానే! అలా ఎవరూ ఇవ్వరమ్మా. లైటుకి రా, హాయిగా ఉంటావు."

జీతం తెచ్చి చేతిలో పెడితే అన్నయ్య ఎంత సంతోషిస్తాడో ఆమెకు తెలుసు. ఆ స్టాండు పక్కన ఇంకో రెండేళ్ళు గడిస్తే తను ఏమవుతుందో కూడా ఇప్పుడే తెలిసింది.

"వద్దండీ" అని బయటికి వచ్చేసింది.

మర్నాడు సారు దగ్గరికీ వెళ్ళలేదు. సంగతి ఇంట్లో చెప్పలేదు. వదిన ఇచ్చిన అన్నం డబ్బా పట్టుకుని ఎప్పటి వేళకే బయల్దేరి, బస్టాండు బెంచీ మీద కూర్చుంది. ఊరి చివర ఇంకో స్టూడియో ఉందట. అది తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది.

"ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగింది పక్కనున్నావిడ, ఊసుపోక.

"ఫొటోలు తీస్తానండీ."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఈలోగా బస్సు రావడంతో ఆవిడ సంచీ సర్దుకుని పరుగెత్తింది. విన్నదో లేదో.