రెండోసారి తలంబ్రాలకు హిందూపురం పోయిన సంగతి

మా మనవరాలు సరోజ పెళ్లి ధర్మవరంలో జరిగిన నెలకు ఫోటోలు వచ్చాయి. తలంబ్రాల ఫోటోలో పెళ్లికొడుకు రామాంజి మేనత్త గంగమ్మది మోచేయి మాత్రమే పడింది. తల్లి లేని అతణ్ణి పెంచింది ఆమే. "నేను లేని పెండ్లి ఒక పెండ్లేనా? నన్ను నిలబెట్టి మళ్లా తీయించండి. అప్పుడే పిల్ల మా రొద్దంలో అడుగు పెట్టేది" అని కబురు పంపింది. అందుకని హిందూపురం స్టూడియోకు బయలుదేరాం. ఆశకొద్దీ సరోజ తన ట్రంకుపెట్టె కూడా తెచ్చుకుంది.

పొద్దున ఏడింటి ప్యాసింజరు, మూడో తరగతి. జొన్నరొట్టెలు, శెనగపొడి కట్టుకున్నాం. స్టేషన్ కాఫీ జేబులో దుడ్లు బరువైనవాళ్లకు. పెనుకొండలో గంగమ్మ, రామాంజి ఎక్కారు. అతడు సరోజకు ఎదురుగా కూర్చొని దారంతా కంపచెట్లు చూశాడు. పక్కనున్న బెల్లం వ్యాపారి సాయెబు మా పట్టుబట్టల మూట చూసి, "పెండ్లికి పోతాండారా అవ్వా?" అన్నాడు.

"ఊ. అయిపోయిన పెండ్లికి" అన్నాను. ఆయన తన బెల్లం దిమ్మెలు లెక్కపెట్టుకోసాగాడు.

హిందూపురంలో స్టూడియోకు నడిచే పోవచ్చు, జట్కావాళ్ల మాట వినకండి. స్టూడియోలో వెనక తెర మీద కొలను, హంసలు, రెండంతస్తుల మేడ. రొద్దంలో రామాంజిది మట్టిమిద్దె. గంగమ్మ పెళ్లికూతురి కంటే ఎక్కువ నగలు పెట్టుకొని మధ్యలో నిలబడింది.

"బియ్యం పోస్తే ఫోటోలో చెదిరిపోతాది. దోసిళ్లు తలల పైన ఎత్తి కదలకుండా పట్టుకోండి" అని ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలో దూరాడు.

ఎంతసేపటికీ బయటికి రాలేదు. రామాంజి చేతులు వణికి సరోజ ముక్కు మీద గింజలు రాలాయి.

"పోసేస్తే పోదా? చేతులు పడిపోతాండాయి" అంది సరోజ. పెళ్లయ్యాక ఆమె అతడితో అన్న మొదటి మాట అదే. ఇద్దరికీ నవ్వాగలేదు. "నవ్వద్దండి!" అని గంగమ్మ గిర్రున తల తిప్పింది. సరిగ్గా అప్పుడే ఫోటో పడింది.

"మీ మొగం చెదిరింటాదమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఇంగోటి తియ్యి."

"మబ్బేసింది, వెలుతురు చాలదు. ఇంగోరోజు రండి."

గంగమ్మ నా వైపు తిరిగింది. "అయితే అవ్వా, పిల్ల ఇంగో నెల మీ కాడనే ఉండనీ."

సరోజ బట్టలు మూట కట్టింది.

సాయంత్రం బండిలో పెనుకొండ రాగానే గంగమ్మ దిగింది. రామాంజి లేవలేదు.

"ఏమిరా, దిగవా?"

"ఆ యమ్మి ఇంగో నెల ఆడనే అంటివి గదత్తా. నేనూ ఆడనే ఉంటా."

"ఇల్లరికం పోయినాడంటారురా ఊర్లో!"

"అననీలే."

అల్లుణ్ణి నెల మేపడమంటే మాటలా? అయినా పక్కకు జరిగి అతడికి ఇంకాస్త చోటిచ్చాను. గార్డు ఈల వేశాడు. గంగమ్మ కిటికీ చువ్వలు పట్టుకొని, "దిగండప్పా ఇద్దరూ! పెట్టె గూడా దించుకోండి!" అని అరిచింది.

దిగారు. నేనొక్కదాన్నే ధర్మవరం చేరాను.

హిందూపురం పోయి ఫోటో తీయించుకునేవాళ్లు పొద్దున్నే పోండి, వెలుతురుంటుంది. మేనత్తను మాత్రం మరవకుండా వెంట తీసుకుపోండి. ఆమె లేకుంటే ఆ ఇద్దరికీ మాటలు కలిసేవి కావు.