పన్నెండో మగ్గం

నానిపోయి పాడైనవి ముప్పై తొమ్మిది నూలు చిలపలు. పనికొచ్చేవి ముప్పై మూడు. యుద్ధం రోజుల్లో, వరంగల్‌లోని మా నేతవాడ పన్నెండు మగ్గాలకు రేషన్‌లో మగ్గానికి ఆరు చొప్పున నెలకు వచ్చిన నూలు అంతే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణని పంపకం నాకు అప్పగించారు. దొంగల భయంతో నూలంతా మా మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో పెట్టి పైన చెక్క కప్పాను. నాలుగు రోజుల ముసురుకు గుంట అడుగున నీరు ఊరుతుందని ఆలోచించలేదు.

పొద్దున్నే వాడంతా మా వాకిట్లో నిలబడింది.

"లెక్కలు వస్తయి గని, నీళ్లు ఏడ ఊరుతయో తెల్వదా కాకా?" అన్నాడొకడు.

"మా పొయ్యిల నీళ్లు పోసినవ్!" అని ఒకామె ఏడ్చింది.

ముప్పై మూడును పన్నెండుతో ఎన్నిసార్లు భాగించినా తెగలేదు.

అప్పుడు మా సంఘం నాయకుడు రాజలింగం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా కోసం పోరాడి రెండుసార్లు జైలుకు వెళ్లొచ్చిన మనిషి.

"నూలు కాకకు అప్పజెప్పింది నేనే. తిట్లల్ల సగం నాకు రావాలె" అని అందరినీ నవ్వించాడు. తర్వాత నాతో, "లెక్కలకెల్లి నా మగ్గం కొట్టెయ్ కాకా. పదకొండిండ్లకు మూడేసి వస్తయి" అన్నాడు.

"నాది కొట్టేస్త."

"నీ ఇంట్ల ఆరుగురు తినేటోళ్లు. నాకేం ఫికర్, ఒక్కన్ని."

ఆ నెల ఆయన మగ్గం ఆడలేదు. తర్వాతి నెలల్లో నా వంతులోంచి ఇంటికి మూడేసి చొప్పున అందరికీ తిరిగిచ్చాను. ఆయన మాత్రం అడిగినప్పుడల్లా "అందరివి అయినంక" అనేవాడు. అందరివీ తీరేనాటికి మళ్లీ జైల్లో ఉన్నాడు. అక్కణ్ణుంచి తిరిగి రాలేదు.

నాయకుడంటే ఎవరని మా పిల్లలు అడిగితే ఆ పొద్దు సంగతే చెబుతాను. ఆయనకు నేనివ్వాల్సిన ఆరు చిలపలు ఇంకా బాకీయే.